అయ్యవారి ఎడమ కాలు

వీరశేఖరయ్య అయ్యవారి కాళ్లు పట్టే పని కుళ్లాయప్పది. ఆ పని ఇంకొకరి చేతికి పోకుండా కాచుకోవడం అతనికి అంతకంటే పెద్ద పని.

మఠం అనగానే గోపురాలూ గంటలూ ఊహించుకోకండి. గుట్ట కింద నాలుగు రేకుల గదులు, ముందర నాపరాళ్ల అరుగు, వెనక వంటిల్లు, అంతే. విగ్రహం లేదు, హారతి లేదు. పౌర్ణమి పౌర్ణమికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వస్తారు, తంబుర మీటుకుంటూ తత్వాలు పాడుకుంటారు, కొర్రన్నం తిని పోతారు. అయ్యవారు ఒకప్పుడు మగ్గం మీద కూర్చుని చీరలు నేసిన మనిషి. కులం అడగరు, కానుక ముట్టరు. ఎవరైనా సాష్టాంగపడబోతే "లేచి కూర్చోప్పా, నడుం పట్టుకుంటాది" అంటారు.

అయితే కాళ్లు పట్టడం మాత్రం ఆయన గురువుల కాలం నుంచి వచ్చిన ఆచారం. దీపాలు పెట్టే వేళకి ఒక శిష్యుడు ఆముదం గోరువెచ్చగా కాచి, గురువు పాదం ఒళ్లో పెట్టుకుని, మడమ నుంచి మోకాలి దాకా ఒత్తాలి. ఎవరు ఒత్తితే వాళ్లే గురువుకి దగ్గరివాళ్లని ఒక లెక్క. ఆ లెక్క అయ్యవారు పెట్టింది కాదు, శిష్యులు తమకు తాము పెట్టుకున్నది.

కుళ్లాయప్ప శనక్కాయల మిల్లులో హమాలీగా మూటలు మోసిన మనిషి. పట్టు అంటే పట్టే. చదువు లేదు, తత్వం పాడబోతే రాగం ఎటో పోతుంది, నలుగురిలో మాట్లాడమంటే చెమటలు పడతాయి. ఈ మఠంలో తనకంటూ ఉన్నవి ఆ రెండు పాదాలే అనుకునేవాడు. బస్సు కండక్టరు మద్దిలేటి సెలవు దొరికినప్పుడు వచ్చి "ఈ ఒక్క పూట నేను పడతాలే అన్నా" అని నూనె గిన్నె మీద చెయ్యి వేస్తే చాలు, గిన్నె లాక్కునేవాడు.

"నీవి టికెట్లు చింపే చేతులప్పా. అయ్యవారి నరాలు నీకు అందవు" అనేవాడు. మద్దిలేటి నవ్వి ఊరుకునేవాడు.

అలాంటి అయ్యవారికి కడుపులో పుండు అనుకున్నది క్యాన్సర్ అని తేలింది. పట్నం ఆసుపత్రిలో కీమో ఎక్కించాలన్నారు. వెంట ఎవరు పోవాలన్న మాటే రాలేదు. కుళ్లాయప్ప అప్పటికే తువ్వాలు భుజాన వేసుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

మొదటిసారి మందు ఎక్కించినాక డాక్టరమ్మ అతన్ని పక్కకి పిలిచింది. సన్నగా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి.

"చూడు, ఈ జబ్బు ఉన్నవాళ్లకి రక్తం తొందరగా గడ్డ కడుతుంది. ఈ మందులు తోడైతే ఇంకా ఎక్కువ. అందరికీ కాదు, కొందరికి. ఒక కాలు వాచినా, పిక్క నొప్పి అన్నా, ఆయాసం వచ్చినా, తెల్లారనీ చూద్దాం అనుకోకుండా ఆ పూటే తీసుకురా. మంచానికి అతుక్కుపోనివ్వొద్దు, రోజూ కాస్త నడిపించు. నొప్పి ఉందా లేదా అడుగుతూ ఉండు."

"నొప్పా?" కుళ్లాయప్ప నవ్వాడు. "మా అయ్యవారికి నొప్పి తెలీదు డాక్టరమ్మా. సూది గుచ్చినప్పుడు మీరు చూడలేదా, రెప్ప కూడా ఆర్పలేదు. ఆయన ఒంటి సంగతి దాటిపోయిన మనిషి."

"మంచిదే. కానీ ఒళ్లు మాత్రం ఇక్కడే ఉంది కదా" అందామె.

ఆ మాట కుళ్లాయప్ప చెవిన పడితే కదా! పక్క మంచాలవాళ్లు తన మాట విన్నారా లేదా అని చూస్తున్నాడు. విన్నారు. ఒక ముసలామె రెండు చేతులూ ఎత్తి అయ్యవారికి దణ్ణం పెట్టింది కూడా. కుళ్లాయప్ప ఛాతీ జానెడు పొంగింది.

ఆ వచ్చిన పౌర్ణమికి ఇదే కథ. నలుగురిలో నోరు పెగలని కుళ్లాయప్పకి ఎక్కడలేని మాటలూ వచ్చాయి. సూది ఎంత పొడుగుందో, డాక్టర్లు ఎలా నోరు వెళ్లబెట్టారో, అన్నిటికీ కాస్త కాస్త ఉప్పూ కారం తగిలించి చెప్పాడు. జనం "ఆహా" అన్నారు. అయ్యవారు తంబుర బిరడా తిప్పుకుంటూ కూర్చున్నారు. కాదని అనలేదు.

మూడోసారి మందు పడేసరికి ఆయన బాగా నీరసించారు. అన్నం సహించడం లేదు, నీళ్లు కూడా గుక్కెడే. ఒకరోజు పొద్దున్నే గోడ పట్టుకుని అరుగు చివరిదాకా నడవబోతే కుళ్లాయప్ప పరుగున వచ్చి అడ్డం పడ్డాడు.

"ఏంటికయ్యా ఈ అగచాట్లు? నేను లేనా?" అని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. మర్నాడూ అంతే. స్నానానికి ఎత్తుకుపోవడం, ఎత్తుకురావడం. అయ్యవారి కాలు నేల మీద ఆననివ్వనని అందరితో చెప్పుకున్నాడు, చెప్పుకుంటూ మురిసిపోయాడు.

సుంకమ్మ అయ్యవారి చెల్లెలు. మొగుడు పోయినాక మఠంలోనే వంట చేస్తూ ఉండిపోయింది. ఆ సాయంత్రం అన్నకి గంజి పట్టుకొచ్చి, దుప్పటి సర్దబోయి ఆగింది.

"కుళ్లాయప్పా, ఇట్ల రా. ఎడమ కాలు చూడు. కుడి కాలు కట్టెపుల్ల మాదిరి ఉంటే, ఇది ఇంత లావుగా ఉందేంది? వేడిగా కూడా ఉందప్పా."

కుళ్లాయప్ప చూశాడు. తను చూడనిది కాదు. ముందురోజు నూనె రాస్తున్నప్పుడే పిక్క బిగుసుకుని, చర్మం మెరుస్తూ కనిపించింది.

"మంచంలోనే ఉంటే నీళ్లు దిగుతాయిలే అక్కా. పట్టి పట్టి నేను తీసేస్తా."

"ఒక కాలికే దిగుతాయా నీళ్లు? ఆ డాక్టరమ్మకి ఒక మాట చెప్పరాదా?"

డాక్టరమ్మ పేరు వినగానే ఆమె గొంతు చెవిలో మోగినట్టయింది. ఒక కాలు వాచినా, ఆ పూటే తీసుకురా. అతనికి గుర్తుంది. గుర్తుండీ, ఆసుపత్రి కూడా గుర్తొచ్చింది. అక్కడ తనని వార్డు బయట బెంచీ మీద కూర్చోబెడతారు. లోపల అయ్యవారిని ఎవరెవరో ముట్టుకుంటారు, ఎవరెవరో తిప్పుతారు. పైగా నీ చేతిలో పెట్టిన కాలికి ఇట్లెందుకయిందని నలుగురూ అడగరా?

"అక్కా, నీ పొయ్యి సంగతి నువ్వు చూసుకో" అన్నాడు. "అయ్యవారి ఒళ్లు నాకు తెలిసినంత ఆ డాక్టరమ్మకి కూడా తెలీదు."

సుంకమ్మ మొహం చిన్నబోయింది. అన్న వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. గంజి గిన్నె అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

ఆ పూట కుళ్లాయప్ప ఎన్నడూ లేనంత శ్రద్ధగా ఒత్తాడు. బొటనవేళ్లు రెండూ పిక్కలో దిగేసి, కింది నుంచి పైకి, కింది నుంచి పైకి. మూటలు మోసిన బలమంతా పెట్టాడు. ఒకసారి అయ్యవారి కాలి వేళ్లు ముడుచుకుపోయాయి. నరం దారికొస్తోందనుకుని, ఇంకాస్త గట్టిగా ఒత్తాడు.

మర్నాడు పొద్దున సుంకమ్మ పాలు కాస్తూ ఉంది. అయ్యవారు లేచి కూర్చోబోయి, గుండె మీద చెయ్యి వేసుకున్నారు. గాలి కోసం నోరు తెరిచారు. గాలి అందలేదు. పెదాలు నీలంగా మారాయి, మనిషి పక్కకి ఒరిగిపోయాడు.

కుళ్లాయప్ప ఆయన్ని వీపున వేసుకుని ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. రాళ్లలో పడి చెప్పు తెగిపోయింది, కాలు చీరుకుపోయింది. రోడ్డు మీదకి వచ్చి ఎదురొచ్చిన ఆటోకి అడ్డం నిలబడ్డాడు. వెనకాలే సుంకమ్మ ఏడుస్తూ వచ్చి ఎక్కింది. దారి పొడుగునా అయ్యవారి రొమ్ము ఎగిసిపడుతూనే ఉంది. కుళ్లాయప్ప ఆ శబ్దం వింటూ, చెవులు మూసుకోవడానికి కూడా ధైర్యం లేక, అలాగే కూర్చున్నాడు.

ఆసుపత్రిలో స్కానింగు తీశారు. డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"కాలిలో రక్తం గడ్డ కట్టింది. దాంట్లో ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి పోయింది. మందు మొదలుపెట్టినాం. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు. ఆ కాలు ఎప్పటి నుంచి వాచి ఉంది?"

కుళ్లాయప్ప వంగి, చీరుకుపోయిన కాలు తుడుచుకున్నాడు.

"ఎవరన్నా గట్టిగా రుద్దినారా? మాలిష్ లాంటిది?"

"లేదమ్మా" అన్నాడు.

అన్నాక, పక్కన సుంకమ్మ ఉందని గుర్తొచ్చింది. ఆమె అతని వైపు తిరిగి చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అన్న పడుకున్న గది తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. నలుగురిలో చెంప పగలగొట్టినా ఓర్చుకునేవాడు. అతనికి ఒళ్లంతా సిగ్గుతో మంట పుట్టింది.

సాయంత్రానికి ఆగలేకపోయాడు. డాక్టరమ్మ వరండాలో పోతుంటే వెంటపడ్డాడు.

"అమ్మా, ఒకవేళ... ఎవరన్నా రుద్దింటే, దాని వల్లనే అయింటాదా?"

ఆమె ఆగి అతని చేతుల వైపు చూసింది.

"అయ్యుండొచ్చు. రుద్దకపోయినా అయ్యుండొచ్చు. అది నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ ఆ వాపు చూసిన రోజే రావాల్సింది. అది మాత్రం చెప్పగలను."

అవునంటే ఒక ఏడుపు, కాదంటే ఒక ఊరట. ఆమె రెండూ ఇవ్వకుండా వెళ్లిపోయింది.

అయ్యవారు బతికారు. గట్టి ప్రాణం. తిరిగి మఠానికి తీసుకొచ్చారు. రక్తం మళ్లీ గడ్డ కట్టకుండా రోజూ పొట్ట మీద ఒక సూది మందు వెయ్యాలి, కొన్ని నెలలు ఆపకూడదు అన్నారు. పక్క ఊరి నర్సమ్మ నాగలక్ష్మి సాయంత్రం పూట స్కూటీ మీద వచ్చి వేసి పోతోంది.

కుళ్లాయప్ప ఆయన గదిలోకి వెళ్లడం మానేశాడు. వెనక పెరట్లో కట్టెలు కొట్టాడు. కొట్టినవే మళ్లీ కొట్టాడు. అంట్లు తోమాడు, అరుగు కడిగాడు, ఎవరూ ఊడవమనని గుట్ట దారి ఊడ్చాడు. అన్నం దగ్గర కూర్చుంటే తన చేతులే తనకి కనిపించేవి. కలిపిన ముద్ద అలాగే పెట్టేసి లేచిపోయేవాడు. అయ్యవారు లోపలి నుంచి "కుళ్లాయప్ప ఎక్కడ?" అని అడగడం వినిపించేది. వినిపించిన ప్రతిసారీ ఇంకాస్త దూరం పోయేవాడు.

"అక్కా, పౌర్ణమి దాటినాక నేను పోతా" అన్నాడు ఒక పూట వంటింటి గడప దగ్గర.

"యాడికి?"

"మిల్లుకి. మూటలకి నొప్పి ఉండదు కదా."

సుంకమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. "నా అన్నకి చెప్పి పో. నాకు కాదు" అంది.

పౌర్ణమి వచ్చింది. అయ్యవారు చావు దాకా పోయి వచ్చారని తెలిసి ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. అరుగు నిండిపోయింది. ఆయన్ని తెచ్చి దిండుకి ఆనించి కూర్చోబెట్టారు. కుళ్లాయప్ప స్తంభం వెనక, జనం చెప్పుల దగ్గర ఒదిగి కూర్చున్నాడు.

తత్వాలు మొదలుకాకముందే మద్దిలేటి లేచాడు. చేతిలో పూలదండ.

"అయ్యా, అందరూ ఒక్క మాట వినండి. ఈ పొద్దు అయ్యవారు మన ముందర కూర్చున్నారంటే అది మా కుళ్లాయప్పన్న పుణ్యం. ఆంజనేయస్వామి మాదిరి వీపున మోసుకుని పరిగెత్తినాడు. కాలు చూడండి, ఇంకా గాయం మానలేదు. ఊరికే అన్నాడా ఆయన, నీ చేతులకి అయ్యవారి నరాలు అందవని? నిజం అన్నా, నాకు అందవు. నువ్వు ఇట్ల రా."

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో కుళ్లాయప్ప భుజం పట్టి లేపారు. ఇంకెవరో ముందుకి తోశారు. మద్దిలేటి దండ మెడలో వేశాడు. వేసి, ఊరుకోకుండా, అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు.

అంతే. కుళ్లాయప్ప చేతులు విదిలించుకున్నాడు.

"ముట్టుకోవద్దప్పా! వీటిని ముట్టుకోవద్దు." దండ తెంపేసుకున్నాడు. "కాలు వాచిందని నాకు తెలుసు. వాస్తే ఆ పూటే తీసుకురమ్మని డాక్టరమ్మ నాకే చెప్పింది. ఈ అక్క చెప్పింది. నేను... నీ పొయ్యి చూసుకో పొమ్మన్నా. ఆ కాలునే పట్టుకుని ఒత్తినా, బలమంతా పెట్టి ఒత్తినా. రుద్దినారా అని అడిగితే లేదని అబద్ధం చెప్పినా. అయ్యవారిని చంపబోయింది నేనే. ఇంక చప్పట్లు కొట్టండి."

ఎవరూ కొట్టలేదు. వెనక నుంచి ఒక ఆడమనిషి "ఎంత పని చేసినావప్పా" అనడం వినిపించింది. మద్దిలేటి తెగిన దండ వైపు చూస్తూ నిలబడిపోయాడు. కుళ్లాయప్ప మోకాళ్ల మీద కూలబడ్డాడు. తల ఎత్తితే అన్ని కళ్లూ కనిపిస్తాయి, ఎత్తలేదు.

అప్పుడే నాగలక్ష్మి స్కూటీ వచ్చి ఆగింది. పాపం ఆమెకేం తెలుసు, సంచి పట్టుకుని గబగబా జనాన్ని తప్పించుకుంటూ వచ్చి సూది మందు బయటికి తీసింది.

అయ్యవారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు వెయ్యొద్దు తల్లీ. ఎట్ల వెయ్యాల్నో వానికి చూపించు."

"ఎవరికి తాతా?"

"వానికి."

నాగలక్ష్మి నేల మీద ఉన్న మనిషిని చూసింది, జనాన్ని చూసింది. ఏదో జరిగిందని మాత్రం అర్థమైంది.

"అయ్యా, వద్దు" అన్నాడు కుళ్లాయప్ప. "ఈ చేతులతో వద్దయ్యా. మీ కాళ్లు మొక్కుతా."

"కాళ్ల సంగతి ఎందుకిప్పుడు? పొట్ట మీద వెయ్యాల" అన్నారు అయ్యవారు. అంగీ పైకి ఎత్తుకున్నారు. ఎముకల గూడు కింద లోపలికి పోయిన పొట్ట, దాని మీద పాత సూదుల నీలం మచ్చలు. జనం అంతవరకు ఆయన ఒళ్లు అలా చూడలేదు. కొందరు తలలు తిప్పుకున్నారు. ఆయన ఎత్తిన అంగీ దించలేదు.

కుళ్లాయప్ప పాక్కుంటూ దగ్గరికి వచ్చాడు. నాగలక్ష్మి పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "బొడ్డుకి దూరంగా, ఇక్కడ. మచ్చ లేని చోట. చర్మం ఇట్ల రెండు వేళ్లతో పట్టుకో. గట్టిగా కాదన్నా, మెత్తగా. సూది నిలువుగా దించు. మందు నిదానంగా పొయ్యేదాకా వేళ్లు వదలొద్దు. తీసినాక మాత్రం రుద్దొద్దు. అస్సలు రుద్దకూడదు."

ఆ చివరి మాటకి అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బస్తాలు ఎత్తిన చేతికి, పెన్సిలంత లేని ఆ సూది పట్టు చిక్కలేదు. అయ్యవారు ఎదురుచూశారు. తొందర పెట్టలేదు.

సూది దిగింది.

దిగిన క్షణంలో, తను వాళ్లందరి ముందూ ఉన్నానని మరిచిపోయి, కుళ్లాయప్ప తల ఎత్తి ఆ మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లూ పాదాలు చూసిన మనిషి.

"నొప్పిగా ఉందా అయ్యా?"

మందు చివరిదాకా పోయింది. కుళ్లాయప్ప సూది తీశాడు. అతని బొటనవేలు అలవాటు కొద్దీ ఆ చోటుకి పోయి, తాకకుండా గాలిలోనే ఆగిపోయింది.

"ఉంది" అన్నారు అయ్యవారు.

జనంలో చిన్న కదలిక వచ్చింది.

"ఆ పొద్దు కూడా ఉండె. నువ్వు ఒత్తుతా ఉంటే ప్రాణం పోయినట్టే ఉండె."

"మరి ఒక్క మాట చెప్పకపోతిరే అయ్యా!" కుళ్లాయప్ప ఏడుస్తూ అడిగాడు.

అయ్యవారు అంగీ దించుకున్నారు. కొంచెం సేపు జనం వైపు చూశారు. చూపు నిలపలేక, ఆయన కూడా తల వంచుకున్నారు.

"మా అయ్యవారికి నొప్పి తెలీదని నువ్వు ఊరంతా చెప్తా ఉంటివి. వినేదానికి నాకు బాగుండె, కుళ్లాయప్పా."

ఎవరూ తంబుర ముట్టలేదు. నాగలక్ష్మి సంచి సర్దుకుంటుంటే అయ్యవారే మళ్లీ అన్నారు, ఈసారి గొంతు తగ్గించి, అతనికి మాత్రమే వినపడేలా.

"రేపు కూడా నువ్వే వెయ్యి. అడిగి వెయ్యి."